అందరూ వాడుకోగల వెబ్‌సైటు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

దివ్యాంగులు వెబ్‌సైట్లను వాడుకోవడంలో ఎదురవుతున్న ఇబ్బందుల గురించి, ఆ ఇబ్బందులు లేకుండా వెబ్‌సైట్లను రూపొందించే పద్ధతుల గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల సమాధానాలు ఇస్తున్నాము. మొదటి ఉత్తరం తెలుగు పాఠకులందరికీ సంబంధించినది కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాము.

ప్రశ్న: నాకు చూపు లేదు. డిగ్రీ చదువుతున్నాను. తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్లుగా ఫోనులో టాక్‌బ్యాక్, కంప్యూటరులో ఎన్‌వీడీఏ వాడతాను. ఇంగ్లిషు వెబ్‌సైట్లను చాలావరకు చదువుకోగలుగుతున్నాను. తెలుగులో వచ్చే నోటిఫికేషన్లు, ఉత్తర్వులు తెరిస్తే మాత్రం కొన్నింటిలో ఏమీ వినిపించదు, కొన్నింటిలో అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు వినిపిస్తాయి. లోపం నా సాఫ్ట్‌వేర్‌లో ఉందా, ఆ పత్రాల్లో ఉందా?
(ఒక విద్యార్థిని, వరంగల్)

జవాబు: మీ సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపమూ లేదు. ఎన్‌వీడీఏతో పాటు ఉచితంగా వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు చదవగలదు, ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ అందించే తెలుగు గొంతు ఇంకా స్పష్టంగా చదువుతుంది. మీరు చెప్పిన రెండు లక్షణాలకు రెండు వేర్వేరు కారణాలున్నాయి, రెండూ పత్రం తయారైన చోటనే పుట్టినవి.

ఏమీ వినిపించని పత్రం నిజానికి ఒక ఫోటో. కార్యాలయంలో ఉత్తర్వును కంప్యూటరులోనే టైపు చేస్తారు. తరువాత దాన్ని ప్రింటు తీసి, అధికారి సంతకం, కార్యాలయ ముద్ర వేయించి, ఆ కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా వెబ్‌సైటులో పెడతారు. చూపున్నవారి కంటికి అది పత్రంలాగే కనిపిస్తుంది. స్క్రీన్ రీడర్‌కు అందులో ఒక్క అక్షరం కూడా దొరకదు, బొమ్మ మాత్రమే దొరుకుతుంది. అక్షరాలున్న అసలు ఫైలు అదే కార్యాలయంలోని కంప్యూటరులో ఉండగానే, దాన్ని పక్కన పెట్టి, చదవడానికి వీలులేని ప్రతిని ప్రజలకు ఇవ్వడం ఎంతో బాధ కలిగించే సంగతి. టైపు చేసిన ఫైలునే నేరుగా పీడీఎఫ్‌గా మార్చి, సంతకం కావాలంటే డిజిటల్ సంతకం చేస్తే ఈ సమస్య తీరుతుంది. సంతకమున్న స్కాన్ ప్రతి తప్పనిసరి అనుకుంటే, దానితో పాటు టైపు చేసిన ప్రతిని కూడా ఉంచవచ్చు.

అర్థం లేని ఇంగ్లిషు వినిపించే పత్రం కథ వేరు. కంప్యూటర్లలో అక్షరాలకు ప్రపంచమంతటికీ ఒకే సంకేత పట్టికగా ఏర్పడిన యూనికోడ్‌లో 1991లో వెలువడిన తొలి సంచిక నుంచే తెలుగుకు స్థానం ఉంది. అయితే డీటీపీ కేంద్రాలు, ముద్రణాలయాలు, అనేక కార్యాలయాలు అంతకు ముందరి పద్ధతిలో తయారైన ఫాంట్లను ఇప్పటికీ విడిచిపెట్టలేదు. ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాలకు, విరామ చిహ్నాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ఆకారాలను, గుడులను, వత్తులను ముక్కలు ముక్కలుగా అమర్చుకున్నాయి. ఆ ఫాంటు ఉన్నంతసేపు కంటికి తెలుగు కనిపిస్తుంది, కంప్యూటరు దాచుకున్నది మాత్రం ఇంగ్లిషు అక్షరాల కలగాపులగం. స్క్రీన్ రీడర్ ఆకారాన్ని చూడదు, దాచుకున్న సంకేతాన్నే చదువుతుంది. అందుకే మీకు అలా వినిపిస్తోంది. అలాంటి పత్రంలోని వాక్యం అంతర్జాలంలో వెతికినా దొరకదు కాబట్టి, ఈ నష్టం చూపున్న పాఠకులకు కూడా ఉంది. పాత ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు చాలాకాలంగా అందుబాటులో ఉన్నాయి. మార్చిన తరువాత ఒకసారి సరిచూసుకోవలసి ఉంటుంది, ముఖ్యంగా సంయుక్తాక్షరాలను, అంకెలను.

మూడో లోపం ఒకటి ఉంది, అది మీకు ఇంకెక్కడైనా ఎదురై ఉండవచ్చు. పాఠం యూనికోడ్‌లోనే ఉన్నా, ఆ పేజీ తెలుగులో ఉందని పేజీ నిర్మాణంలో ప్రకటించకపోతే, కొన్ని స్క్రీన్ రీడర్లు ఇంగ్లిషు గొంతుతోనే చదవబోయి, తెలుగు అక్షరాలను దాటవేస్తాయి. వెబ్‌పేజీలను రాసే కోడు అయిన హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాషను తెలిపే 'లాంగ్' అనే గుణానికి తెలుగు సంకేతాన్ని ఇవ్వడం ఒక్క పదం పని. పేజీ మధ్యలో ఇంగ్లిషు పేరా వస్తే ఆ పేరాకు వేరుగా ఇంగ్లిషు సంకేతం ఇవ్వాలి.

ప్రస్తుతానికి మీరు చేయగలిగింది బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ పరికరాలను వాడుకోవడం. గూగుల్ లెన్స్, ఉచితంగా దొరికే టెసరాక్ట్ రెండూ తెలుగును గుర్తిస్తాయి. శుభ్రమైన పేజీపై ఫలితం బాగానే ఉంటుంది గానీ, పట్టికలు, సంతకం ముద్రల కింద పడిన మాటలు, ఫీజుల అంకెలు, చివరి తేదీలు తారుమారయ్యే అవకాశం ఉంది. స్కాలర్‌షిప్ తేదీ వంటివాటిని ఓసీఆర్ మీద ఆధారపడి నిర్ణయించుకోకండి, ఫోను చేసి ధ్రువపరచుకోండి. సంబంధిత కార్యాలయానికి రాసేటప్పుడు "మీ వెబ్‌సైటు పనిచేయడం లేదు" అని మాత్రమే రాస్తే ఫలితం ఉండదు. పత్రం పేరు, తేదీ, అది స్కాన్ చేసిన బొమ్మా లేక పాత ఫాంటులోని పాఠమా, దాని బదులు మీకు ఏ రూపంలో కావాలి అన్నవి స్పష్టంగా రాయండి. వెబ్‌సైట్లలో ఉంచే పత్రాలు ఈ-పుస్తకాలకు వాడే ఈపబ్ రూపంలోనో, అక్షరాలు గుర్తించదగిన పీడీఎఫ్ రూపంలోనో ఉండాలని దివ్యాంగుల హక్కుల నియమాల్లో 2017లోనే రాశారు. ఆ నియమాల ప్రస్తుత స్థితిని కింద చట్టం గురించిన జవాబులో వివరించాము.

ప్రశ్న: వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. ఒక కళాశాల కోసం సైటు రూపొందిస్తున్నాము. దివ్యాంగుల సౌకర్యం గురించి ప్రస్తావిస్తే, మన సైటుకు చూపులేనివారు ఎవరూ రారని, ముందు పని పూర్తిచేసి తరువాత చూద్దామని అంటున్నారు. నేను ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఒక డెవలపర్, విజయవాడ)

జవాబు: ఎవరూ రారన్న మాటకు ముందుగా సమాధానం చెప్పుకోవాలి. 2011 జనగణనలో మన దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది దివ్యాంగులుగా నమోదయ్యారు, వారిలో చూపు సమస్య ఉన్నవారు ఒక భాగం మాత్రమే. చేతులు వణికేవారు మౌసును గురిపెట్టలేరు, వినికిడి లేనివారికి వీడియోలోని మాట అందదు, చదవడంలో ఇబ్బంది ఉన్న విద్యార్థి కిక్కిరిసిన పేజీలో దారి తప్పుతాడు, రంగుల తేడా తెలియనివారు ఎర్రటి గుర్తును గుర్తించలేరు. వీరిలో ప్రతి ఒక్కరూ ఆ కళాశాలలో చేరదగినవారే. దరఖాస్తు నింపలేక వెనుదిరిగినవారు ఏ లెక్కలోనూ కనిపించరు. వారు కనిపించకపోవడమే యాజమాన్యానికి ఎవరూ రానట్లుగా తోస్తోంది.

తరువాత చూద్దామన్న మాట ఇంకా ప్రమాదకరమైనది. మెట్లు కట్టేసిన తరువాత వాలుదారి కోసం గోడ పగలగొట్టడానికి ఎంత ఖర్చవుతుందో, పూర్తయిన సైటును సరిచేయడానికి అంతే అవుతుంది. మొదటి పేజీ గీసేటప్పుడే ఆలోచిస్తే చాలావరకు అదనపు శ్రమ ఉండదు.

మొదటి పరీక్షకు ఏ పరికరమూ అక్కరలేదు. మౌసును పక్కన పెట్టి, ట్యాబ్ మీటతో ముందుకు, షిఫ్టు పట్టుకుని ట్యాబ్‌తో వెనక్కు వెళుతూ, ఎంటర్, స్పేస్ మీటలతో మాత్రమే దరఖాస్తు పూర్తిచేయడానికి ప్రయత్నించండి. మీరు ప్రస్తుతం ఏ లింకుపై ఉన్నారో చూపించే గీత కనిపిస్తోందా అన్నది తొలి ప్రశ్న. చాలామంది డిజైనర్లు అందంగా లేదని ఆ గీతను తొలగిస్తారు. కీబోర్డుతో నడిచేవారికి అదే కర్సరు, అది లేకపోతే చీకట్లో వెతుక్కున్నట్టే అవుతుంది. మెనూ మౌసు పెడితేనే తెరుచుకుంటోందా, తెరుచుకున్న చిన్న కిటికీని ఎస్కేప్ మీటతో మూయగలుగుతున్నారా, సమర్పించే బటన్ దగ్గరకు అసలు చేరుకోగలుగుతున్నారా అన్నవి తరువాతి ప్రశ్నలు. చేరుకోలేకపోతే కారణం సాధారణంగా ఒక్కటే: అక్కడ ఉన్నది బటన్ కాదు, బటన్‌లా రంగు వేసిన డబ్బా. హెచ్‌టీఎంఎల్‌లో బటన్‌కు, లింకుకు, శీర్షికకు, జాబితాకు, పట్టికకు విడివిడిగా ట్యాగులు ఉన్నాయి. వాటిని వాడితే కీబోర్డు మద్దతు, స్క్రీన్ రీడర్‌కు కావలసిన సమాచారం బ్రౌజరే ఇస్తుంది. మామూలు డబ్బాలతో అన్నీ కట్టుకుంటే ఆ పని అంతా మీరు చేయాలి, సగం మరిచిపోతారు.

శీర్షికల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. చూపున్నవారు పేజీని పైనుంచి కిందికి కళ్లతో ఒకసారి తడిమి తమకు కావలసిన చోట ఆగుతారు. స్క్రీన్ రీడర్ వాడేవారు ఆ పనిని శీర్షికలతో చేస్తారు. ఎన్‌వీడీఏలో హెచ్ అక్షరం నొక్కితే తరువాతి శీర్షికకు, కె నొక్కితే తరువాతి లింకుకు వెళతారు. శీర్షికను శీర్షికగా గుర్తించకుండా అక్షరాలను పెద్దవి చేసి ముదురు రంగు వేస్తే, ప్రవేశాల వివరాలు వినడానికి ముందు వారు కళాశాల చరిత్ర మొత్తం వినవలసి వస్తుంది. అలాగే వరుసగా పది చోట్ల "ఇక్కడ నొక్కండి" అని లింకులు పెడితే, లింకుల జాబితా తెరిచిన వారికి పదిసార్లు అదే మాట వినిపిస్తుంది. "2వ విడత ప్రవేశాల దరఖాస్తు" అని లింకు మీదనే రాయండి.

దరఖాస్తులోని ప్రతి గడికీ శాశ్వతంగా కనిపించే పేరు ఉండాలి, ఆ పేరు గడితో అనుసంధానమై ఉండాలి. గడి లోపల లేత రంగులో రాసిన సూచన, టైపు చేయగానే మాయమవుతుంది కాబట్టి పేరుగా పనికిరాదు. తప్పు దొర్లితే గడి చుట్టూ ఎర్రగీత గీసి ఊరుకోకూడదు. "పుట్టిన తేదీలో నెల రాయలేదు" అని మాటల్లో చెప్పాలి.

అమెరికాలోని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన వెబ్‌ఎయిమ్ ఏటా 10 లక్షల వెబ్‌సైట్ల మొదటి పేజీలను పరీక్షిస్తుంది. యంత్రం గుర్తించగలిగిన తప్పుల్లో దాదాపు 96 శాతం ఆరు రకాలకే చెందినవని ఆ పరీక్షల్లో తేలుతోంది: మసకబారిన అక్షరాలు, వివరణ లేని బొమ్మలు, పేరు లేని గడులు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, భాష ప్రకటించని పేజీలు. ఈ ఆరింటిలో ఒక్కటి కూడా కష్టమైన సాంకేతిక సమస్య కాదు. వీటితో మొదలుపెట్టండి.

ప్రమాణం అడిగితే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం రూపొందించిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలను చూపించండి. 1999లో తొలి సంచిక, 2008లో రెండోది, 2018లో 2.1, 2023 అక్టోబరులో 2.2 వెలువడ్డాయి. సాధారణంగా అందరూ కోరేది అందులోని మూడు స్థాయిల్లో మధ్యదైన డబుల్ ఏ. యాంత్రిక పరీక్షలో తప్పులేవీ రాలేదంటే సైటు బాగుందని కాదు, యంత్రం పట్టుకోగల తప్పులు లేవని మాత్రమే అర్థం. స్క్రీన్ రీడర్ నిత్యం వాడే ఇద్దరు ముగ్గురిని పిలిచి దరఖాస్తు నింపమనండి, వారి సమయానికి తగిన పారితోషికం ఇవ్వండి. అది నిపుణుల పని, ఉపకారంగా అడగకూడదు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని. చూపు బాగా తగ్గింది, అయినా పెద్ద అక్షరాలైతే చదవగలను. తెలుగు సైట్లలో అక్షరాలు సన్నగా, బూడిద రంగులో ఉంటున్నాయి. ఫోనులో పెద్దవి చేయబోతే కొన్ని సైట్లు పెద్దవి కావు, కొన్నింటిలో వాక్యాలు తెర బయటికి పోతున్నాయి. ఇది నా వయసు వల్లనే అనుకోవాలా?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: కాదండీ. మీరు చెప్పిన ఇబ్బందుల్లో ప్రతిదానికీ ఒక నియమం ఉంది, ఆ సైట్లు వాటిని పాటించడం లేదు. అక్షరానికీ, దాని వెనుకనున్న రంగుకూ మధ్య వెలుగు తేడాను నిష్పత్తిగా లెక్కిస్తారు. తెలుపుపై నలుపుకు అది 21:1. మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ చెబుతుంది. పైన చెప్పిన వెబ్‌ఎయిమ్ పరీక్షల్లో ప్రతి అయిదు సైట్లలో దాదాపు నాలుగు ఇక్కడే తప్పుతున్నాయి.

తెలుగు లిపికి ఈ కనీసం కూడా చాలదని నా అభిప్రాయం. డకు ఢకు, దకు ధకు, పకు ఫకు మధ్య ఉన్నది ఒక చిన్న గీత తేడా. ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయిన పరిమాణంలో, సన్నని ఫాంటులో, బూడిద రంగులో వేస్తే మొదట మాయమయ్యేది ఆ గీతే. ఇంగ్లిషు పేజీ కొలతలను అలాగే తెచ్చి తెలుగుకు తొడిగితే మరో నష్టం కూడా ఉంది. మన వత్తులు అక్షరం కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. పంక్తుల మధ్య ఎడం తక్కువైతే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది, బటన్ ఎత్తును బిగించి ఉంచితే వత్తు సగం తెగిపోతుంది. తెలుగు సైటు చేసేవారు అక్షరాన్ని ఇంగ్లిషు కన్నా కాస్త పెద్దదిగా, పంక్తుల ఎడాన్ని అక్షర పరిమాణానికి 1.6 రెట్లకు తగ్గకుండా ఉంచితే మీవంటి పాఠకులకే కాదు, అందరికీ చదువు సులభమవుతుంది.

పెద్దవి కాకుండా అడ్డుకోవడం డిజైనరు కావాలని పెట్టిన ఆంక్ష. వేళ్లతో సాగదీయడాన్ని నిషేధించే ఒక పంక్తిని కోడులో చేరుస్తారు. దాన్ని తొలగించాలి. పాఠాన్ని 200 శాతానికి పెంచినా ఏదీ తెగిపోకూడదని, పేజీని బాగా పెంచినప్పుడు ప్రతి వాక్యం కోసం పక్కకు జరపవలసిన అవసరం రాకూడదని కూడా నియమాలున్నాయి.

మీ వైపు నుంచి రెండు ఉపాయాలు. క్రోమ్ బ్రౌజరు అమరికల్లో సౌలభ్యాల విభాగంలో, సైటు వద్దన్నా పెద్దది చేసుకునే అనుమతి ఉంది, దాన్ని ఎంచుకోండి. వ్యాసాలు చదివేటప్పుడు బ్రౌజరులోని రీడింగ్ పద్ధతిని తెరిస్తే ప్రకటనలు, రంగులు తొలగి పాఠం మాత్రమే మీరు కోరిన పరిమాణంలో వస్తుంది. చూపు తగ్గినవారికి శిక్షణ, పరికరాలు ఇచ్చే ప్రత్యేక విభాగం హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థలో ఉంది. మిగిలిన చూపును పూర్తిగా ఎలా వాడుకోవాలో అక్కడ నేర్పుతారు.

ప్రశ్న: ప్రమాదంలో నా తమ్ముడి కనురెప్పలు దెబ్బతిన్నాయి. ఆన్‌లైన్‌లో ఖాతా తెరవబోతే కెమెరా ముందు కళ్లు ఆర్పమంటుంది, అది అతనికి సాధ్యం కాదు. దరఖాస్తు అక్కడే ఆగిపోతోంది. వేరే దారి ఉందా?
(ఒక పాఠకుడు, నల్లగొండ)

జవాబు: ఉంది, పైగా అది మీ తమ్ముడి హక్కు. యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్ సరిగ్గా ఇదే కారణంతో ఖాతా తెరవలేక సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఆమె వేసిన వ్యాజ్యంతో పాటు చూపులేని అమర్ జైన్ వేసిన వ్యాజ్యాన్ని కూడా విచారించి, 2025 ఏప్రిల్ 30న న్యాయమూర్తులు జె.బి. పార్దీవాలా, ఆర్. మహదేవన్ తీర్పు ఇచ్చారు. డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు ప్రకటించింది. కేవైసీలో దరఖాస్తుదారు సజీవంగా ఉన్నట్లు నిర్ధారించుకోవడానికి కళ్లు ఆర్పడం ఒక్కటే మార్గం కారాదని, కాగితంపై చేసే కేవైసీని కొనసాగించాలని, యంత్రం తిరస్కరించిన దరఖాస్తులను మనుషులు పరిశీలించే ఏర్పాటు ఉండాలని, దివ్యాంగుల కోసం ప్రత్యేక సహాయ ఫోన్లు ఉండాలని మొత్తం 20 ఆదేశాలు ఇచ్చింది. బ్యాంకు శాఖకు వెళ్లి, ఈ తీర్పును తేదీతో సహా ప్రస్తావిస్తూ, ప్రత్యామ్నాయ పద్ధతిలో కేవైసీ చేయమని రాతపూర్వకంగా కోరండి, అందినట్లు సంతకం తీసుకోండి.

ప్రశ్న: మాది ప్రైవేటు శిక్షణ సంస్థ. దివ్యాంగుల చట్టం ప్రభుత్వ వెబ్‌సైట్లకే వర్తిస్తుందని విన్నాము. నిజమేనా?
(ఒక నిర్వాహకుడు, హైదరాబాదు)

జవాబు: నిజం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 46వ సెక్షన్ సేవలందించేవారు ప్రభుత్వమైనా ప్రైవేటైనా సౌలభ్య నియమాలను పాటించాలని స్పష్టంగా చెబుతోంది. ఆ నియమాలు 2017 జూన్‌లో వెలువడ్డాయి, వాటిని అమలులోకి తెచ్చుకోవడానికి ఇచ్చిన గడువు రెండేళ్లు. శబ్ద, ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారమంతా దివ్యాంగులకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని 42వ సెక్షన్ అంటోంది. ఉల్లంఘనకు మొదటిసారి 10 వేల రూపాయల వరకు, ఆ తరువాత ప్రతిసారీ 50 వేలకు తగ్గకుండా 5 లక్షల వరకు జరిమానాను 89వ సెక్షన్ నిర్దేశించింది. భారతీయ ప్రమాణాల సంస్థ కూడా ఐఎస్ 17802 పేరుతో సమాచార సాంకేతిక ఉత్పత్తులకు, సేవలకు ప్రమాణాన్ని రెండు భాగాలుగా వెలువరించింది, 2023లో దాన్ని నియమాల్లో చేర్చారు.

2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ ముఖ్యం. నియమాల్లోని 15వది ప్రమాణాలను సలహాల స్థాయిలోనే వదిలివేసిందని, చట్టం కోరింది తప్పనిసరి ప్రమాణాలను కాబట్టి ఆ నియమం చట్టానికి విరుద్ధమని కోర్టు తేల్చింది. తప్పనిసరి ప్రమాణాలను రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. క్షేత్రస్థాయి పరిస్థితిపై కోర్టు ఆధారపడిన నివేదికను తయారుచేసింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని దివ్యాంగుల అధ్యయన కేంద్రమే. నియమం కొట్టివేసినందున బాధ్యత తొలగిందని కొందరు అన్వయిస్తున్నారు. తీర్పు దిశ పూర్తిగా దానికి ఎదురు. బాధ్యత మరింత గట్టిపడింది.

ఇంకొక మాట కూడా చెప్పాలని ఉంది. 2025 జూన్ 28 నుంచి ఐరోపా సమాఖ్య దేశాల్లో ఆన్‌లైన్ దుకాణాలు, బ్యాంకు సేవలు, ఈ-పుస్తకాలు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలన్న చట్టం అమలవుతోంది. హైదరాబాదులో కూర్చుని అక్కడి సంస్థల కోసం ఈ నియమాలన్నింటినీ శ్రద్ధగా పాటిస్తూ కోడు రాస్తున్న తెలుగు ఇంజినీర్లు ఎందరో ఉన్నారు. నైపుణ్యం మన ఊళ్లోనే ఉంది. తెలుగు పాఠకుల కోసం చేసే సైటుకు కూడా అదే శ్రద్ధ కోరడం న్యాయమే.

ఫిర్యాదు చేయదలచినవారు రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు రాయవచ్చు. విచారణ చేసే అధికారం చట్టమే ఆ పదవికి ఇచ్చింది.

ప్రశ్న: ఒక్క పంక్తి కోడు చేరిస్తే సైటు మొత్తం దివ్యాంగులకు అనుకూలంగా మారుతుందని ఒక సంస్థవారు చెబుతున్నారు. కొనవచ్చా?
(ఒక వ్యాపారి, గుంటూరు)

జవాబు: కొనకండి. పేజీ మూలన చిన్న మనిషి బొమ్మతో వచ్చే ఆ పరికరాలు అక్షరాలను పెద్దవి చేయడం, రంగులు మార్చడం వంటి పనులు చేస్తాయి. అవి బ్రౌజరులో, ఫోనులో ముందే ఉన్నాయి. పేరు లేని గడికి సరైన పేరును, స్కాన్ బొమ్మకు సరైన పాఠాన్ని అవి ఊహించి రాయలేవు. కొన్నిసార్లు స్క్రీన్ రీడర్ పనికే అడ్డుపడతాయి. ఏ సైటునైనా ప్రమాణాలకు తగినట్లు మార్చగలమని ప్రచారం చేసుకున్న ఒక సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో చర్య తీసుకుంది, ఆ సంస్థ 10 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. ఆ పరికరానికి పెట్టదలచిన డబ్బుతో మీ సైటు తయారుచేసినవారి చేత దరఖాస్తు పేజీని సరిచేయించుకోండి.

ప్రశ్న: మా పాఠశాల పాఠాల వీడియోలు సైటులో పెడుతున్నాము. వినికిడి లేని పిల్లలకు ఏం చేయాలి?
(ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు)

జవాబు: మాటలన్నీ తెలుగులో తెరపై కనిపించేలా ఉపశీర్షికలు (క్యాప్షన్లు) జోడించండి. యంత్రం తయారుచేసిన వాటిని అలాగే వదలకండి, పాఠంలోని పారిభాషిక పదాలు, పేర్లు, అంకెలు అందులోనే ఎక్కువగా తప్పుతాయి. మాటలే కాక, ప్రయోగంలో గంట మోగడం వంటి అర్థవంతమైన శబ్దాలను కూడా రాయాలి. పాఠం మొత్తాన్ని వీడియో కింద రాతలో ఉంచితే చూపులేని పిల్లలకూ, నెట్ సరిగా అందని ఊళ్లవారికీ ఉపయోగం. పుట్టుకతో వినికిడి లేని పిల్లల్లో కొందరికి సంజ్ఞా భాషే మొదటి భాష, రాత తెలుగు రెండోది. వారికోసం వాక్యాలు చిన్నవిగా ఉండాలి, వీలైన చోట భారతీయ సంజ్ఞా భాషలో చెప్పేవారిని కూడా తెరపై చూపించాలి. పాఠం చెబుతూ "ఇది దీంతో కలిస్తే అది వస్తుంది" అని బోర్డు చూపించే అలవాటును మానుకుని, పేర్లు పలకండి. అప్పుడు చూపులేని విద్యార్థికి కూడా అదే వీడియో సరిపోతుంది.

ప్రశ్న: మా చేనేత సంఘం చీరలను ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. ప్రతి ఫోటోకూ వివరణ రాయాలంటున్నారు. చూపులేనివారికి రంగుల గురించి రాయడం వారిని నొప్పించినట్లు కాదా? ఎంత రాయాలి?
(సంఘం సభ్యురాలు, మంగళగిరి)

జవాబు: నొప్పించినట్లు ఏమాత్రం కాదు. కొందరికి మధ్యవయసులో చూపు పోతుంది, రంగులు వారికి బాగా గుర్తుంటాయి. పుట్టుకతో చూపులేనివారు కూడా తమ చీర ఏ రంగో, దేనితో నప్పుతుందో తెలుసుకునే కొంటారు, పెళ్లికి కూతురి కోసమో అక్క కోసమో కొంటారు. రంగు రాయకపోతే ఆ కొనుగోలు కోసం ఇంకొకరిని బతిమాలుకోవలసిన పరిస్థితిలోకి వారిని నెట్టినట్లవుతుంది.

ఫోటోకు కోడులో 'ఆల్ట్' అనే గుణంగా జతచేసే వివరణలో కొనేవారికి కావలసింది ఉండాలి. "చీర ఫోటో 4" అంటే ఏమీ చెప్పినట్లు కాదు. "వంకాయ రంగు మంగళగిరి నూలు చీర, అంచున సన్నని జరీ, పైటకొంగులో అడ్డంగా జరీ చారలు" అంటే చాలు. నేత, బరువు, పొడవు, ఉతికే పద్ధతి వంటివి ఫోటో వివరణలో కుక్కకుండా అందరూ చదివే పాఠంలోనే రాయండి. అదే చీరను నాలుగు వైపులనుంచి తీసి ఉంటే, ప్రతి వివరణలోనూ మొదటి మాటలే తిరగరాయకుండా, ఆ ఫోటోలో కొత్తగా కనిపించేదే చెప్పండి: కొంగు దగ్గరి దృశ్యం, అంచు దగ్గరి దృశ్యం, కట్టుకున్నప్పటి దృశ్యం. పేజీ అలంకరణ కోసం పెట్టిన లతలకు, గీతలకు వివరణ అక్కరలేదు, ఆ గుణాన్ని ఖాళీగా ఉంచితే స్క్రీన్ రీడర్ వాటిని దాటిపోతుంది. అయితే ఆ గుణాన్ని పూర్తిగా తీసివేయకూడదు. తీసివేస్తే కొన్ని స్క్రీన్ రీడర్లు ఫైలు పేరును చదివి వినిపిస్తాయి.

మీ వంటి సైట్లలో ఫోటోల కన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది రంగు ఎంచుకునే చోటు. అక్కడ వరుసగా రంగు చుక్కలు మాత్రమే ఉంటాయి, పేర్లుండవు. చూపులేనివారికి అవి పేరు లేని బటన్లు. ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియనివారికి రెండు చుక్కలు ఒకటే. ప్రతి చుక్క పక్కన దాని పేరును అక్షరాల్లో రాయించండి: చిలకాకుపచ్చ, నెమలికంఠం, ఆవపువ్వు, తుమ్మెద రెక్క. అద్దకంవారు, నేతవారు తరతరాలుగా వాడుతున్న పేర్లు మీ సంఘంలో అందరికీ తెలుసు. చుక్కను వేలితో తేలికగా తాకగలిగేంత పెద్దదిగా కూడా చేయించండి. కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలని డబ్ల్యూసీఏజీ 2.2లోని కొత్త నియమం, ఫోనులో కొనేవారి కోసం 44 ఉంటే ఇంకా మంచిది.